లెక్కకు రాని బోధన: మేరీ లూ విలియమ్స్ సంగీత జీవితం



స్త్రీల శ్రమ అనగానే మనకు పొలం, వంటిల్లు, బీడీలు చుట్టే చేతులు గుర్తొస్తాయి. సంగీతాన్ని శ్రమగా చూడటం మనకింకా అలవాటు కాలేదు. పాడే స్త్రీకి గొంతు దేవుడిచ్చిన వరం అంటాం. వరానికి కూలి అడగకూడదు కదా! ఈరోజు నేను అమెరికాకు చెందిన నల్లజాతి పియానో కళాకారిణి మేరీ లూ విలియమ్స్ (1910-1981) జీవితాన్ని ఈ కోణం నుంచి మీ ముందుంచుతాను.

జాజ్ అమెరికాలోని నల్లజాతి ప్రజల బాధలోంచి, బతుకులోంచి పుట్టిన సంగీతం. అందులో స్త్రీకి గాయనిగా చోటుండేది. వాద్యం వాయించడం, స్వరాలు రాయడం, బృందాన్ని నడపడం మగవాళ్ల పనులుగా చెలామణీ అయ్యాయి. అట్లాంటాలో పుట్టి పిట్స్‌బర్గ్‌లో పెరిగిన మేరీ లూ చిన్నపిల్లగా ఉన్నప్పుడే ఇతరుల ఇళ్లలో పియానో వాయించి డబ్బు తెచ్చేది. 1930లలో కాన్సాస్ సిటీలో ఆండీ కర్క్ బృందానికి పియానో వాయించింది, పాటలు కట్టింది, ఏ వాద్యం ఎక్కడ ఏం పలకాలో కాగితం మీద రాసిచ్చింది. బెన్నీ గుడ్‌మన్, డ్యూక్ ఎల్లింగ్టన్ బృందాలకు కూడా రాసింది. వినేవాళ్లకు తెలిసింది మాత్రం ఎక్కువగా బృంద నాయకుల పేర్లే.

1940లలో న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో ఆమె ఇంటికి థెలోనియస్ మంక్, బడ్ పావెల్, డిజ్జీ గిలెస్పీ వంటి యువకులు వచ్చేవారు. తమ కొత్త స్వరాలు వినిపించేవారు. ఆమె వినేది, సరిదిద్దేది, సలహా చెప్పేది. జాజ్ దిశను మార్చిన తరం అది. ఆ ఇంటిని మిత్రులు కలుసుకునే చోటుగానే ఎక్కువగా చెప్పుకుంటారు. ఇదే పని ఒక మగవాడి ఇంట్లో జరిగివుంటే దానికి గురుకులమని పేరు వచ్చేది.

1945లో ఆమె 12 రాశుల మీద 'జోడియాక్ సూట్' రచించి రికార్డు చేసింది. అదే ఏడాది డిసెంబర్ 31న న్యూయార్క్ టౌన్ హాల్‌లో వాద్యబృందంతో కలిసి ప్రదర్శించింది. 1954లో పారిస్‌లో ప్రదర్శన మధ్యలోనే లేచి వెళ్లిపోయింది. తర్వాత సుమారు మూడేళ్లు వేదికెక్కలేదు. క్యాథలిక్ మతం స్వీకరించింది. మాదకద్రవ్యాలకు బానిసలైన సంగీతకారులను చేరదీసింది. వాళ్ల కోసం నిధి ఏర్పాటు చేసి, పాత వస్తువులు అమ్మే దుకాణం నడిపింది. ఆ మూడేళ్లకు విరామమని పేరు పెట్టారు. పడిపోయిన వాళ్లను లేపి నిలబెట్టడం విరామమా? స్త్రీ చేసే సేవ ఎక్కడైనా ఇలాగే ఖాళీ సమయంగా కనిపిస్తుంది.

1957లో న్యూపోర్ట్ ఉత్సవంలో మళ్లీ వాయించింది. 1960లలో 'మేరీ రికార్డ్స్' పేరుతో సొంత సంస్థ నుంచి రికార్డులు తెచ్చింది. ఒక నల్లజాతి స్త్రీ తన సంగీతం మీద హక్కును తన చేతిలోనే ఉంచుకోవడం చిన్న విషయం కాదు. 1977లో డ్యూక్ విశ్వవిద్యాలయం ఆమెను బోధనకు పిలిచింది. అప్పటికి ఆమెకు 67 ఏళ్లు. కాలేజీ డిగ్రీ లేదు. చనిపోయేదాకా అక్కడ జాజ్ చరిత్ర చెప్పింది, విద్యార్థుల బృందాన్ని నడిపింది. 30 ఏళ్ల కిందట తన ఇంట్లో చేసిన పనే అది. ఇప్పుడు దానికి పదవి, జీతం వచ్చాయి.

ఆమె రచన బతికే ఉంది. పియానో కళాకారిణి జెరీ అలెన్ 2006లో 'జోడియాక్ సూట్'ను మళ్లీ రికార్డు చేసింది. అలెన్ కూడా పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో జాజ్ బోధిస్తూ 2017లో కన్నుమూసింది. 2023లో పియానో కళాకారుడు ఆరన్ డీల్ దానిని వాద్యబృందంతో రికార్డు చేశాడు.

1986లో స్త్రీ శక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు తెలంగాణ పోరాటంలో స్త్రీలు చేసిన పని వాళ్ల నోటనే విన్నాం. ఎవరి పనిని చరిత్ర అంటాం అన్న ప్రశ్న అక్కడా ఇక్కడా ఒకటే. కనుక మన దగ్గర నుంచే మొదలుపెడదాం. మన శిబిరాల్లో పాట కట్టి పదిమందికి నేర్పే మహిళ పేరు మన నివేదికల్లో ఉంటోందా? వక్తకు ఇచ్చినట్టు ఆమెకు పారితోషికం ఇస్తున్నామా? ఆ పాటను క్యాసెట్టుగానో పుస్తకంగానో వేసినప్పుడు ఆమెను అడుగుతున్నామా? దీని మీద చర్చిద్దాం.