పీఎఫ్ పైసలు వేరు, పెన్షన్ వేరు
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



పొద్దటి నుంచి పొదుపులు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి గురించి మాట్లాడుకున్నం. నన్ను బీడీ కంపెనీల పీఎఫ్, పెన్షన్ గురించి చెప్పమన్నరు. మన సంఘాలల్ల బీడీలు చేసేటోళ్ళే ఎక్కువ. నెలనెలా కూలీల నుంచి పీఎఫ్ కట్ అయితున్నదని అందరికీ ఎరుకే. అది ఎక్కడికి పోతున్నదో అడిగితే మాత్రం "టేకేదారుకు ఎరుక" అంటరు. మన పైసల లెక్క టేకేదారుకు ఎరుకైతే ఏం లాభం?

ముందుగాల ఒక మాట. మనం ఇంట్ల కూసొని బీడీలు చేస్తున్నం కాబట్టి కంపెనీ పనోళ్ళం కామని కొందరు అనుకుంటరు. అది తప్పు. ఇంట్ల చేసినా కంపెనీ పనోళ్ళే, పీఎఫ్ ఇయ్యాల్సిందేనని 1985లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఇది ఎవరో దయతోని ఇచ్చేది కాదు.

ఇగ లెక్కకు వస్తా. నెలకు 5,000 కూలి పడ్డదనుకోండ్రి. మన దగ్గర 10 శాతం, అంటే 500 రూపాయలు కట్ చేస్తరు. కంపెనీ కూడ ఇంకో 500 కట్టాలె. మన 500 మొత్తం పీఎఫ్ ఖాతాలకు పోతది. కంపెనీ కట్టే 500ల నుంచి 8.33 శాతం, అంటే 417 రూపాయలు పెన్షన్‌కు పోతయి. మిగిలిన 83 మాత్రమే మన పీఎఫ్‌ల కలుస్తయి. పెన్షన్‌కు సర్కారు కూడ 1.16 శాతం కలుపుతది. ఈ పెన్షన్ స్కీము 1995 నవంబర్ 16 నుంచి నడుస్తున్నది.

అంటే మన పేరు మీద రెండు గురుగులున్నట్టు. ఒకటి పీఎఫ్. దానికి వడ్డీ వస్తది, 2023-24 సంవత్సరానికి 8.25 శాతం ఇచ్చిండ్రు. రెండోది పెన్షన్. దానికి వడ్డీ లెక్క ఉండదు, ఎన్నేండ్లు పని చేసినవన్న లెక్కనే ఉంటది. పదేండ్లు నిండితే 58 ఏండ్ల నుంచి బతికున్నన్ని రోజులు నెలనెలా వస్తది. ఆఖరి 60 నెలల కూలి సగటు తీసి, దాన్ని పనిచేసిన ఏండ్లతోని గుణించి, 70తోని భాగిస్తరు. 5,000 కూలికి పదేండ్లంటే 714 రూపాయలే వస్తది, కానీ 2014 నుంచి తక్కువల తక్కువ 1,000 ఇస్తున్నరు. తక్కువనే, నేను కాదనను. వెయ్యి రూపాయలకు ఈ రోజు ఏమొస్తది? పెంచాలని అడగాల్సిందే. అయినా ముసలితనంల మందు గోలీలకు కొడుకు దిక్కు చూడకుంట అయితది కదా.

మన మోసం జరిగేది ఇక్కడనే. మా సంఘంల ఒక అక్క తొమ్మిదేండ్లు ఒక కంపెనీకి బీడీలు చేసింది. ఆ కార్ఖానా మూతపడ్డది. అప్పుడు ఆమెకు 50 ఏండ్లు. బిడ్డ పెండ్లి దగ్గర పడ్డది. ఏజెంటు వచ్చి "పీఎఫ్ తీసిస్తా" అని రెండు కాయితాల మీద సంతకం పెట్టించుకున్నడు. ఒకటి ఫారం 19, అది పీఎఫ్‌ది. రెండోది ఫారం 10సి, అది పెన్షన్‌ది. రెండూ కలిపి తీసిచ్చిండు, తన కమీషన్ పట్టుకున్నడు. పెన్షన్ దిక్కు నుంచి సుమారు పది నెలల కూలి, అంటే 50 వేల దాక వచ్చింది. ఆమె సంతోషపడ్డది. తర్వాత ఇంకో కంపెనీల చేరింది. ఇప్పుడు లెక్క మళ్ళ సున్న నుంచి మొదలైంది. 58 నిండేటాళ్లకు ఎనిమిదేండ్లే అయితయి, పదికి రెండు తక్కువ. పాత తొమ్మిదేండ్లు ఉంచుకుంటే 17 ఏండ్లయ్యేది, నెలకు 1,200 పైన వచ్చేది. ఇప్పుడు ఆ పెన్షన్ లేదు.

ఆమె చేయాల్సింది ఏందంటే, పీఎఫ్ పైసలు కావాల్నంటే అవి ఒక్కటే తీసుకొని, పెన్షన్‌కు అదే ఫారం 10సిల స్కీం సర్టిఫికెట్ అడగాలె. ఆ సర్టిఫికెట్ కొత్త కంపెనీల ఇస్తే పాత ఏండ్లు, కొత్త ఏండ్లు కలుస్తయి. యూఏఎన్ అని 12 అంకెల నంబరు ఉంటది. కంపెనీ మారినా అదే నంబరు చెప్పి, పాత ఖాతా కొత్తదాంట్లకు మార్పించుకోవాలె. పెండ్లికో దవాఖానకో అవసరం పడితే పీఎఫ్ నుంచి అడ్వాన్సు దొరుకుతది, దాంతోని పెన్షన్ ఏండ్లు పోవు. సంఘంల లోను కూడ ఉన్నది. ఇంకో సంగతి, తొమ్మిదిన్నరేండ్లు దాటితే పదిగానే లెక్క పడతరు. 50 నిండినంక ముందుగనే పెన్షన్ తీసుకోవచ్చుగానీ, ఎన్నేండ్లు ముందయితే ఏడాదికి 4 శాతం చొప్పున తగ్గుతది. తొందర లేకుంటే ఆగుడే మంచిది.

పేర్ల సంగతి. ఇది చెప్తే కొందరికి కోపం రావచ్చు. చాలా ఇండ్లల్ల కోడలు బీడీలు చేస్తది, పాస్‌బుక్కు అత్త పేరు మీద ఉంటది. పదిహేనేండ్లు చేసినా కోడలి పేరు మీద ఒక్క రోజు కూడ ఉండదు. అత్తను అడగనీకి మొహమాటం, టేకేదారుకు కొత్త పేరు రాసుడు బరువు. మన రాష్ట్ర సర్కారు బీడీ కార్మికులకు 2,016 రూపాయల జీవన భృతి ఇచ్చినప్పుడు కూడ 2014 ఫిబ్రవరి 28 నాటికి పీఎఫ్‌ల పేరున్నదా అనే చూసిండ్రు. వేళ్ళు అరిగినోళ్ళు బయట నిలబడ్డరు.

పేరున్నోళ్ళకు కూడ పీఎఫ్‌ల లక్ష్మి అని, ఆధార్‌ల లచ్చవ్వ అని ఉంటది. పుట్టిన తారీఖు కలవదు. కంపెనీ సంతకంతోని జాయింట్ డిక్లరేషన్ పెట్టి సరి చేయించుకోవాలె. కంపెనీ నడుస్తున్నప్పుడే చేయించుకోండ్రి, మూతపడ్డంక సంతకం పెట్టేటోడు దొరకడు.

నామినేషన్ కూడ చూసుకోవాలె. ఏడాది పాటు ఆపకుంట చేసినామె పనిల ఉండంగ చనిపోతే ఇన్సూరెన్సు కింద ఇంటోళ్ళకు తక్కువల తక్కువ రెండున్నర లక్షలు, ఎక్కువల ఎక్కువ 7 లక్షలు వస్తది. దానికి మన కూలి నుంచి ఒక్క పైస కట్ కాదు, అంతా కంపెనీయే కడతది. భర్తకు పెన్షన్, ఇద్దరు పిల్లలకు 25 ఏండ్ల దాక పెన్షన్ ఉన్నది. చాలా ఇండ్లల్ల ఈ సంగతే తెల్వక అడగలేదు.

పెన్షన్ వస్తున్న పెద్దమ్మలు ఏడాదికి ఒకసారి బతికున్నట్టు సర్టిఫికెట్ ఇయ్యాలె. బీడీలు చేసి చేసి వేలిముద్రలు పడుతలేవని వాపస్ పంపుతున్నరు. ఇప్పుడు ఫోన్ల మొఖం చూపెట్టి కూడ ఇయ్యచ్చు. మన వీఓఏలు నేర్చుకొని చేసి పెట్టాలని ఈ సభల కోరుతున్న.

వచ్చే నెల సంఘం మీటింగుకు ఎవరి ఆధార్, ఎవరి పీఎఫ్ కార్డు వాళ్ళు తెచ్చుకోండ్రి. కార్డు లేనోళ్ళు టేకేదారు రాసిచ్చిన పుస్తకం తెండ్రి. పక్కపక్కన పెట్టి పేరు, తారీఖు, యూఏఎన్ చూద్దాం. తేడా ఉన్నోళ్ళ పేర్లు ఒక తావుల రాసి, పదిమందిమి కలిసి కంపెనీ ఆఫీసుకు పోదాం.