తెరచిన తలుపు



విద్యుత్ వలయమనగానే మన పల్లె పిల్లలకు తెలిసినది నల్లబల్ల మీది బొమ్మయే. దానిని చక్కగా దించుకొని మార్కులు తెచ్చుకొందురు. బల్బు వెలుగుట మాత్రము చూడరు. బడిలో ప్రయోగశాల లేనప్పుడు ఇది తప్పనిదే అని మేమును అనుకొన్నాము. అది మా పొరపాటు.

2001లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమతి పొందిన కార్ల్ వైమన్, 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయములో ‘ఫెట్’ అను పనిని ఆరంభించారు. కంప్యూటరు తెరపై తీగ, బ్యాటరీ, బల్బు కలిపి చూడగల పాఠములను ఇంటర్నెట్టులో ఉచితముగా ఉంచారు. వీటిలో చాలా పాఠములు ఒకసారి దించుకొన్న పిమ్మట నెట్టు లేకున్నను నడుచును. మన దేశములోను ఐ.ఐ.టి.లు, బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి 2003లో ఎన్.పి.టి.ఇ.ఎల్. ఆరంభించి, కళాశాల స్థాయి పాఠములను అందరి ముందుంచినవి.

అయితే తలుపు తెరచియున్నంత మాత్రాన పిల్లవాడు లోనికి పోలేడు. చేయిపట్టి నడిపించు ఉపాధ్యాయుడు కావలెను. అర్థమగు భాష కావలెను. ఫెట్ పాఠములను స్వచ్ఛందముగా అనువదించుటకు వీలున్నది. మన సంఘములో అధ్యాపకులున్నారు, కళాశాల విద్యార్థులున్నారు. ఈ తెలుగు పని వారిది కాదా?

శనివారము సాయంత్రము సంఘపు హాలులో ఒక లాప్‌టాప్ పెట్టుదము. తెరమీద బల్బు వెలిగిన పిదప నిజమైన తీగను, బ్యాటరీని పిల్లల చేతికిత్తము. చూచిన దానికంటె చేసినదే నిలుచును.

ఈ శతవార్షిక సంవత్సరములో కట్టడములకు చందాలు వ్రాయుచున్నాము. రెండు గంటల సమయమును కూడ వ్రాయుదము.