మంత్రసాని యోర్పు

నా చిన్ననాఁట మా చోడవరమున మంత్రసాని మాయ పడువఱకును బొడ్డు కోసెడిది కాదు. ఆ కాస్త నెత్తురు బిడ్డదే యనెడిది. నిమిషమైనఁ దాళి కోయవలెనని 2014లో ప్రపంచారోగ్యసంస్థయుఁ జెప్పినది. ఆమె యోర్పు సరియే. ఆమె కొడవలి సరి కాదు. మా తమ్ముఁడు పుట్టిన యేడవనాఁడు ధనుర్వాతమునఁ బోయెను. తల్లులకు టీకాలు, పురుటికి శుభ్రత కలిగిన పిమ్మట 2015 నాటికి ఆ జాడ్యము మన దేశమున అదుపైనది. ఆ మేలు కొత్త వైద్యముదే, కాదనను.

అయినను 2019-21 లెక్కలలో మన రాష్ట్రమున నూటికి 42 కాన్పులు కోఁతలే. అడ్డము తిరిగిన బిడ్డకుఁ గోఁత ప్రాణదానమే. మా కోడలికో, నొప్పులెత్తిన రెండు గడియలకే కోఁత యనిరి. కారణ మడిగితిని, సంతకము చేయుఁడనిరి, చేసితిని. ఆ ముసలమ్మయైనచోఁ దెల్లవాఱువఱకును వీఁపు రాచుచుఁ గూర్చుండెడిది.