ఉప్పునీటి తొట్టిలో నత్త గ్రుడ్లు

(మన సంఘ సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



ఇంటిలో ఉప్పునీటి అక్వేరియము నుంచుకొనువారు మనలో కొందరు కలరు. ఒకనాటి యుదయమున తొట్టి అద్దముమీద నువ్వుగింజలవంటి తెల్లని చుక్కలు కానవచ్చును. సున్నపు మరకలని తలచి ఇంటివారు వానిని బ్లేడుతో గీకి పారవేయుదురు. నేనును మొదట ఆ పనియే చేసితిని. అవి నత్త గ్రుడ్లని పిదప తెలిసికొని చింతించితిని. ఆ గ్రుడ్లను గూర్చి నాలుగు మాటలు విన్నవించుటకే నేడు మీ యెదుట నిలిచితిని.

తొట్టిలో పెంచు నత్తలన్నియు ఒకే రీతిని సంతానము కనవు. నెరైటు నత్త పెట్టునవి పైన చెప్పిన తెల్లని చుక్కలు. ఒక్కొక్క చుక్క గట్టి పొరగల తిత్తి. అందు పెక్కు పిండములుండును. సెరిత్ నత్త జిగురుతో కూడిన సన్నని దారమువలె గ్రుడ్లను అద్దమున కంటించును. ట్రోకస్, టర్బో నత్తలు గ్రుడ్లను ఎచ్చటను అంటింపవు. అవి తొట్టి పైభాగమునకు ప్రాకి, మగవి తెల్లని పొగవంటి రేతస్సును, ఆడవి గ్రుడ్లను నీటిలోనికే విడుచును. అప్పుడు నీరు మబ్బు పట్టినట్లుండును. భయపడి తొట్టిని ఖాళీ చేయ నక్కరలేదు. చేపలు నీటిపైకి వచ్చి రొప్పుచున్నచో మాత్రము గాలిపంపు హెచ్చించి, కొంత నీరు మార్పవలెను.

ఇన్ని గ్రుడ్లు పెట్టినను పిల్లలేల కానరావని మీరడుగవచ్చును. నెరైటు గ్రుడ్డునుండి వెడలునది నత్తపిల్ల కాదు. కంటి కానని యొక డింభకము. సన్నని నూగుతో నీటిలో ఈదుచు, సూక్ష్మమైన నాచుకణములను తిని కొన్ని వారములు బ్రతుకవలెను. సముద్రమున దానికి చోటును, ఆహారమును గలవు. మన తొట్టిలో ఆహారము చాలదు. పంపు, ఫిల్టరు, చేపల నోళ్లు దానికి మృత్యువులు. ట్రోకస్ డింభకమునకు తల్లి యిచ్చిన పచ్చసొనయే ఆహారము. కొలది దినములలోనే రాతిమీద నిలుచును. అందుచే అప్పుడప్పుడు ఆ జాతి పిల్లలు తొట్టిలో కనబడుట కలదు.

తూత్తుకుడి తీరమున వసించు మనవారు శంఖముల నెరుగుదురు. పూజామందిరములోని శంఖమును నత్తజాతి ప్రాణి కట్టుకొనిన యిల్లే. మన్నారు సింధుశాఖలో ఆ ప్రాణి పొట్టేలి కొమ్మువంటి తిత్తుల వరుసను కట్టి యందు గ్రుడ్లు పెట్టును. దాని పిల్లలు ఈదులాడు దశ లేకయే, చిన్న గుల్లతో వెలుపలికి ప్రాకి వచ్చును.

ఇక పెంపకము మాట. నీటి సాంద్రత 1.025, వేడి 25 మొదలు 27 డిగ్రీల వరకు నున్న మేలు. నీరు ఆవిరియైనను ఉప్పు తొట్టిలోనే మిగులును. కావున తగ్గినంత మేర మంచినీరే పోయవలెను. రాగి కలిసిన మందులు నత్తలకు విషము. ఒకప్పుడు చేపల జబ్బునకై నేనట్టి మందు వేసి, రెండు దినములలో నత్తల నన్నిటిని పోగొట్టుకొంటిని. పిల్లలను పెంచ గోరువారు గ్రుడ్లున్న రాతిని ఫిల్టరులేని వేరు పాత్రలో నుంచి, మెల్లగా గాలి విడుచుచు, సూక్ష్మమైన నాచును ఆహారముగ నీయవలెను. ఓర్పు వలయును, అపజయమే తరచు. మిగిలిన నత్తలను కాలువలోనో, సముద్రములోనో విడువరాదు. 1847లో కలకత్తాకు తెచ్చిన ఆఫ్రికా దేశపు పెద్దనత్త నేడు దేశమున పలుచోట్ల పంటలకు పీడయై యున్నది.

నత్తను తమిళులు నత్తై యందురు. కన్నడిగులు బసవనహుళు, మహారాష్ట్రులు గోగలగాయ, ఒరియావారు గేండా యందురు. మన పిల్లలు బడిలో ఆ పేర్లు నేర్తురు; నేర్వవలసినదే. మన మాట మాత్రము ఇంటనే నేర్వవలెను. ఈ మారు అద్దముమీద తెల్లని చుక్కలు కనబడినప్పుడు బ్లేడు తీయకుడు. పిల్లలను చేర బిలిచి, భూతద్దము చేతికిచ్చి, “ఇవి నత్త గ్రుడ్లు” అని తెలుగున చెప్పుడు. ఆ గ్రుడ్లలో ఒక్కటియు బ్రతుకకపోవచ్చును. ఆ మాట బ్రతుకును.