భుజమున మోయు వీడియో యంత్రము

కొన్ని మాసముల క్రిందట ఒక కుటుంబమువారు మా కార్యాలయమునకు ఒక తోలుసంచిని, ఒక టేపు రీలును తెచ్చిరి. సంచిలోనున్నది సోనీ ఏ.వి. 3400 అను వీడియో టేపు రికార్డరు. వారి తండ్రిగారు 1970 దశాబ్దమున అమెరికాలో నున్నప్పుడు కొన్నది. రీలులో వారి నాయనమ్మగారి పాట యున్నదని వారి నమ్మకము.

అంతకుముందే ఒక పొరపాటు జరిగినది. యంత్రముతో వచ్చిన కరెంటు అడాప్టరును ఇంటి గోడకు తగిలించిరట. అమెరికాలో 120 వోల్టులకై చేసిన వస్తువు మన 230 వోల్టులకు తాళునా? పొగ వచ్చి ఊరకున్నది. అదృష్టవశమున అప్పటికింకను దానిని యంత్రమునకు కలుపలేదు.

ఈ యంత్రమునకు కావలసినది 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తు మాత్రమే. అది బ్యాటరీనుండి వచ్చినను, అడాప్టరునుండి వచ్చినను దానికొకటే. కావున చచ్చిన బ్యాటరీని తీసివేసి, సర్వీసు పుస్తకములోని పటము ననుసరించి ఏ మొన ధనమో ఏది ఋణమో మీటరుతో రెండుమార్లు సరిచూచి, మా బల్లమీది విద్యుత్ సాధనముతో 12 వోల్టులు అందించితిమి. ధన ఋణములు తారుమారైనచో, ఏబది ఏండ్లు నిలిచిన ట్రాన్సిస్టర్లు ఒక్క క్షణమున పోవును.

1967లో అదే సంస్థవారు తెచ్చిన వీడియో రోవరు దృశ్యమును గ్రహించుటకే పనికివచ్చెడిది. టేపును వెనుకకు చేతితో త్రిప్పి చుట్టుకొనవలెను, చూచుటకు వేరొక యంత్రము కావలెను. ఏ.వి. 3400 అరంగుళము వెడల్పు టేపుపై అరగంటసేపు నలుపు తెలుపుల దృశ్యమును వ్రాసి, తానే తిరిగి చూపును. పది మొనల తీగతో కెమెరాను కలిపి, రికార్డు బొత్తామును నొక్కి మీటను ముందుకు త్రిప్పినచో యంత్రము సిద్ధమై యుండును. కెమెరా పిడికున్న మీటను నొక్కినప్పుడే టేపు కదలును. టేపు కదలకున్నను కెమెరాలోని గొట్టము వేడెక్కుచు బ్యాటరీని త్రాగుచునే యుండును. సూచికను చూడక పెండ్లి పందిట నిలిచినవారి కష్టము ఊహింపదగినదే.

మమ్ము మిక్కిలి భయపెట్టినది ఆ రికార్డు బొత్తామే. క్యాసెట్టుకైనచో చెరిపివేతను అడ్డగించుటకు చిన్న రెక్క యొకటి యుండును. విప్పు రీలునకు అట్టి కాపుదల లేదు. వ్రేలు తప్పినచో నాయనమ్మగారు లేరు. అందుచే ఆ బొత్తాముపై అట్టముక్క నొకటి అంటించి, అటుపిమ్మటనే టేపును డ్రమ్ము చుట్టు ఎక్కించితిమి.

మొదట తెరపై మంచు కురిసినట్లు చుక్కలే. ట్రాకింగు పిడిని ఎటు త్రిప్పినను బొమ్మ నిలువలేదు. కాని శబ్దము వినవచ్చినది! శబ్దమునకు టేపు అంచున వేరొక దారి, కదలని వేరొక హెడ్డు గలవు. దృశ్యమును చదువు హెడ్లు డ్రమ్ముతో తిరుగుచు త్వరగా మట్టిగొట్టుకొనును. రేడియోవారము గనుక ఆ విషయమున మాకు కొంత గర్వము కలిగినదని ఒప్పుకొనక తప్పదు.

హెడ్లను స్పిరిటుతో తుడిచి మరల నడిపితిమి. అమెరికా పద్ధతి 525 గీతలది, మనది 625. రెండును చూపగల మానిటరు మాకు ముందే యున్నది. పిడిని కొద్దిగా ఎడమకు త్రిప్పగా చారలు క్రిందికి జారిపోయి, వంటింటి గడపపై కూర్చుండి బియ్యమేరుచున్న ముసలమ్మ కనబడినది. పదునొకండు నిముషములు నిలిచి, మరల మంచు కప్పినది. ఆలోపల అంతయు కంప్యూటరునకు ఎక్కించుకొంటిమి.