ఆరు పాఠ్యవిషయాలను కలిపే మూలాంశాలు



విశ్వవిద్యాలయ ప్రవేశానికి ముందు రెండేళ్లు చదివే ఇంటర్నేషనల్ బాకలారియెట్ డిప్లొమా 1968లో జెనీవా కేంద్రంగా ఆరంభమైంది. 1976లో కొడైకెనాల్ పాఠశాల ద్వారా భారతదేశానికి వచ్చింది. ఇందులో విద్యార్థి ఆరు విషయాలు ఎంచుకొంటాడు. అవి ఏవైనా సరే, అందరికీ ఉమ్మడిగా మూడు మూలాంశాలుంటాయి: జ్ఞాన సిద్ధాంతం, 4,000 పదాలకు మించని పరిశోధనా వ్యాసం, సృజన-వ్యాయామ-సేవా కార్యక్రమం.

ఈ మూడూ అదనపు బరువేనని తలచేవారున్నారు. 1876-78 నాటి కరవును తీసుకొని చూస్తే వాటి పని బోధపడుతుంది. ఆ కరవు బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలను పీల్చి పిప్పి చేసింది. సహాయక పనులలో మట్టి మోసే కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించాడు. పౌనంటే సుమారు 450 గ్రాములు. శ్రమించే దేహానికి అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. ఖజానా పొదుపు అర్థశాస్త్రం, దేహానికి కావలసిన శక్తి జీవశాస్త్రం, జరిగిన సంగతి చరిత్ర. వీటిలో ఏ ఒక్కటీ ఆ వివాదాన్ని పూర్తిగా చెప్పజాలదు.

అక్కడ జ్ఞాన సిద్ధాంతం అడుగు పెడుతుంది. చాలునని టెంపుల్, చాలదని కార్నిష్ ఏ ఆధారంతో అన్నారు? సర్కారు లెక్కలలోకి ఎక్కని మరణాల మాటేమిటి? ఈ ప్రశ్నలలో ఒకదానిని పట్టుకొని విద్యార్థి, ఉపాధ్యాయుని పర్యవేక్షణలో, పరిశోధనా వ్యాసం రాయవచ్చు. సేవలో భాగంగా ఊరి చెరువు పూడిక తీతలో ఒక పూట తట్ట మోసినవానికి ఆ కూలీ ఆకలి కొంతైనా తెలిసివస్తుంది.

ఆరు విషయాలకు 42 పాయింట్లు. జ్ఞాన సిద్ధాంతానికి, వ్యాసానికి కలిపి 3. సేవా కార్యక్రమానికి పాయింట్లే లేవు, కాని అది పూర్తికానిదే డిప్లొమా రాదు. మార్కులు రాని పనిని తప్పనిసరి చేయడం మన పరీక్షాలోకానికి వింతగానే తోచవచ్చు! అది పుటలు నింపే తంతుగా దిగజారితే మాత్రం ఉన్నా లేకున్నా ఒకటే.

ఈ చదువు ఖరీదైనది, కొద్దిమందికే అందుతుంది. మన ఇంటర్మీడియెట్‌లో ఎంపీసీ, బైపీసీ అంటూ పదహారవ ఏటనే దారులు చీలిపోతున్నాయి. కళలకు, విజ్ఞానశాస్త్రాలకు నడుమ గోడలుండరాదని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. చరిత్ర, జీవశాస్త్ర అధ్యాపకులు వారానికి ఒక్క పీరియడు కలిసి బోధించగలిగితే, ఆ కరవు పాఠం ఏ ప్రభుత్వ కళాశాలలోనైనా చెప్పవచ్చు. ఆ పీరియడును టైంటేబిలులో ఎక్కడ ఇమడ్చాలో ప్రిన్సిపాళ్లు ఆలోచించాలి.