కంప్యూటరు కంట్రాక్టులు: తాళపుచెవి ఎవరి చేతిలో?

(పట్టణ పఠనమందిరమున ఇచ్చిన ఉపన్యాస పాఠము)



సర్కారు కంట్రాక్టు అనగానే మన పెద్దలకు తోచునది బాట, వంతెన, చెరువుగట్టు. పని చెడినచో తొలివానకే బయటపడును. బాటసారి కాలే సాక్ష్యము చెప్పును. నేడు సర్కారు ఇచ్చు పెద్ద కంట్రాక్టులలో కొన్ని కంటికి కనబడనివి. పాస్‌పోర్టు, ఆదాయపు పన్ను, కంపెనీల రిజిస్ట్రీ, వర్తకుల జి.ఎస్.టి. లెక్కలు, ఇవన్నియు కంప్యూటర్ల మూలముననే నడచుచున్నవి. ఆ వ్యవస్థలను నిర్మించి నడపు పనికై కంట్రాక్టర్ల నడుమ జరుగు పోటీ ఎట్టిది, దానివలన ప్రజకు దక్కునదేమి అను విషయమును నేడు మీ ముందు పెట్టుచున్నాను.

ఈ మార్పువలన మేలు కలుగలేదని నేననను. 1999 లో హైదరాబాదున ట్విన్స్ అను పేర మొదలై 2001 లో ఈ-సేవగా విస్తరించిన ఏర్పాటువలన కరెంటు బిల్లు, నీటి బిల్లు, ఇంటిపన్ను ఒక్క కిటికీ వద్దనే చెల్లించు వీలు కలిగినది. నాలుగు ఆఫీసుల చుట్టు తిరిగినవారికి ఆ సుఖమెట్టిదో తెలియును. నా తగవు యంత్రముతో కాదు, ఒప్పందముతో.

మొదట పోటీదారులెవరో చూడుడు. పాస్‌పోర్టు సేవ 2008 లో టాటా కన్సల్టెన్సీకి దక్కినది. జి.ఎస్.టి. వ్యవస్థ 2015 లో 1,380 కోట్ల రూపాయలకు ఇన్ఫోసిస్‌కు దక్కినది. ఆదాయపు పన్ను రిటర్నుల నూతన వ్యవస్థకై 2019 జనవరిలో కేంద్ర మంత్రివర్గము సుమారు 4,242 కోట్లు మంజూరు చేయగా ఆ పనియు ఇన్ఫోసిస్‌దే అయినది. కంపెనీల రిజిస్ట్రీ టాటా కన్సల్టెన్సీ నుండి ఇన్ఫోసిస్‌కు, పిమ్మట ఎల్ అండ్ టీ ఇన్ఫోటెక్‌కు చేతులు మారినది. ఇంత విశాల దేశమున పేర్లు మాత్రము వ్రేళ్లపై లెక్కింపదగినవే.

ఇందుకు కారణము టెండరు షరతులలోనే కలదు. ఇన్ని కోట్ల వార్షిక వ్యాపారము ఉండవలెను. ఇట్టి పని ఇదివరలో చేసియుండవలెను. చేసిననేగాని పని రాదు, పని వచ్చిననేగాని చేసినవాడు కాడు. పిచ్చి కుదిరితేగాని పెండ్లి కాదు, పెండ్లి అయితేగాని పిచ్చి కుదరదన్న సామెత ఇచ్చట చక్కగా అతుకును. క్రొత్త సంస్థలకు అనుభవము, వ్యాపార పరిమాణముల విషయమున సడలింపు చూపవచ్చునని 2016 నుండి ఉత్తరువులున్నవి. చిన్న పరిశ్రమలవద్ద నూటికి 25 వంతులు కొనవలెనను నియమమును 2018 లో చేసిరి. కాని పెద్ద పనిని ఒకే మూటగా కట్టి వేలము వేసినప్పుడు చిన్నవానికి పెద్దవాని క్రింద ఉప కంట్రాక్టే శరణ్యమగును.

షరతులన్నియు అన్యాయమని వాదించుట న్యాయము కాదు. దేశపు పన్ను లెక్కలను పెట్టుబడి లేనివానికి అప్పగింపగలమా? ఐతే షరతు దేనికి పెట్టితిమో దానికే పరిమితము కావలెను. ఒకసారి ప్రకటించిన అర్హతను సర్కారు తన ఇష్టానుసారము మీరరాదని సుప్రీంకోర్టు 1979 లో రమణ దయారాం శెట్టి వ్యాజ్యమున స్పష్టము చేసినది. 1994 లో టాటా సెల్యులార్ వ్యాజ్యమున, నిర్ణయముపై తాము అప్పీలు కోర్టుగా కూర్చుండమనియు, నిర్ణయించిన విధానమును మాత్రము పరీక్షింతుమనియు న్యాయమూర్తులు చెప్పిరి. కాబట్టి షరతులు వ్రాయునాడే మేలుకొనవలెను. పాట ముగిసిన పిమ్మట కోర్టు చేయగలది స్వల్పము.

ఇక ధర సంగతి. మన ఆఫీసులలో ఎల్-వన్ అను మాట మంత్రమువంటిది. అందరికంటె తక్కువ పాడినవానిదే పని. బియ్యము కొనుటకు ఈ పద్ధతి చాలునేమో. ఎనిమిది, పదియేండ్లు నడువవలసిన సేవకు చాలదు. తక్కువకు పాడి పని చేజిక్కించుకొన్నవాడు పిమ్మట మార్పుల పద్దు క్రింద రాబట్టుకొన జూచును. చట్టము ఏటేటా మారును. మారినప్పుడెల్ల క్రొత్త పని, క్రొత్త బిల్లు. కొన్నది వంకాయ, కొసరినది గుమ్మడికాయ! ఈ లోపమును గ్రహించియే కేంద్ర ఆర్థికశాఖ 2021 అక్టోబరులో, గుణము ప్రధానమైన పనులలో గుణమునకు నూటికి 30 మార్కులకు మించకుండ ఇచ్చి ధరతో కలిపి తూచవచ్చునని అనుమతించినది. ఇది మంచి అడుగు.

కాని అసలు చిక్కు టెండరు తెరచిన మరునాడు ప్రారంభమగును. 2021 జూన్ 7 న ఆదాయపు పన్ను క్రొత్త పోర్టలు తెరచిరి. తెరచినది మొదలు ఫిర్యాదులే. ఆగస్టు 23 న ఆర్థికమంత్రి ఆ సంస్థ అధిపతిని పిలిపించి సంజాయిషీ అడిగిరి. సెప్టెంబరు 30 వరకున్న రిటర్నుల గడువును డిసెంబరు 31 వరకు పొడిగింపవలసి వచ్చెను. మంత్రి పిలిపింపగలిగిరి, మందలింపగలిగిరి. కాని ఆనాడు ఆ పనిని మరియొకనికి మార్చుట సాధ్యమా? నడచుచున్న వ్యవస్థ లోగుట్టు తెలిసినవాడు ఒక్కడే అయినప్పుడు పోటీ అను మాటకు అర్థము లేదు. మార్చినను బాధ తప్పదు: కంపెనీల రిజిస్ట్రీ క్రొత్త పోర్టలుకు మారుచుండగా 2023 జనవరిలో ఆడిటర్లు, కంపెనీ సెక్రటరీలు పడిన ఇక్కట్లు పత్రికలకెక్కినవి.

ఇది గడువుల బాధయేనని తీసివేయకుడు. ఇంగ్లండు సంగతి వినుడు. అచ్చటి పోస్టాఫీసులలో 1999 నుండి హొరైజన్ అను లెక్కల వ్యవస్థ ప్రవేశించినది, కంట్రాక్టరు ఫుజిట్సు. యంత్రము సొమ్ము తక్కువైనదని చూపగా, కోర్టులు యంత్రమునే నమ్మినవి. 900 మందికి పైగా సబ్ పోస్టుమాస్టర్లు, మరికొందరు దొంగలుగా శిక్షింపబడిరి. కొందరు జైలుకు పోయిరి. ఆ వ్యవస్థలో దోషములున్నవని 2019 లో హైకోర్టు తేల్చినది. 2024 లో పార్లమెంటు ప్రత్యేక చట్టముతో ఆ శిక్షలను రద్దు చేసినది. నిందితుడు తన నిర్దోషిత్వమునకు కావలసిన లోపలి పత్రములను చూడలేకపోయెను. తాళపుచెవి కంట్రాక్టరు చేతిలో ఉన్నప్పటి ఫలమిది.

కావున నేను కోరునవి మూడు. పెద్ద పనిని భాగములుగా విభజించి చిన్న సంస్థలకును చోటియ్యవలెను. సోర్సు కోడు, ప్రజల వివరములు సర్కారు ఆస్తిగా ఉండి, గడువు తీరునాటికి క్రొత్తవానికి పని నేర్పి అప్పగించు బాధ్యత పాతవానిపై ఒప్పందముననే వ్రాయబడవలెను. సర్కారు వ్యవస్థలకు ఓపెన్ సోర్సు వాడవలెనని 2015 లోనే కేంద్రము విధానము ప్రకటించినది. అది కాగితముపై నిలిచిపోరాదు. మూడవది, ఒప్పందము, విధించిన జరిమానాలు ప్రజలకు తెలియవలెను.

ఇందులో మన వంతు కలదు. 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద అర్జీ పెట్టుడు. వర్తక రహస్యమని నిరాకరింపవచ్చును. కాని విశాల ప్రజాహితమున్నచో వెల్లడింపవలెనని ఆ చట్టపు ఎనిమిదవ సెక్షనే చెప్పుచున్నది. అర్జీ వ్రాయ తెలియనివారు ఈ మందిరమునకు రండు. మేము వ్రాసి పెట్టెదము.

సోదరులారా! కంట్రాక్టరు స్వదేశీయుడైన మాత్రాన స్వరాజ్యము సిద్ధింపదు. కోట్లు పోసి ఇల్లు కట్టించుకొని, తాళపుచెవి మేస్త్రీ యొద్దనే ఉంచినవానిని లోకము యజమాని అనదు. ఆ చెవిని అడిగి పుచ్చుకొందము.